దారి ఆగిపోయాక మొదలయ్యే సరస్సు: పడవలోనో కాలినడకనో వెళ్లి ఒడ్డున రాత్రులు గడపడం ఎలా

రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి పడవలోనో, కాలిబాట వెంటో వెళ్తే తప్ప చేరలేని సరస్సులు కొన్ని ఉంటాయి. అక్కడ కుళాయి ఉండదు, దీపం ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తబుట్ట ఉండదు. ఫోనుకు సిగ్నల్ చాలా చోట్ల అందదు. మీరు మోసుకెళ్లిందే మీ ఇల్లు. అలాంటి ఒడ్డున రెండు మూడు రాత్రులు గడపాలనుకునేవారి కోసం, ముఖ్యంగా మొదటిసారి వెళ్లబోయేవారి కోసం ఇది రాస్తున్నాను.

చాలామంది ఏ టెంటు కొనాలి, ఏ స్లీపింగ్ బ్యాగ్ కొనాలి అన్న దగ్గర మొదలుపెడతారు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది వేరు. అక్కడ మీ రోజును నడిపేవి గాలి, వెలుగు. గాలి లేవకముందే నీళ్లు దాటాలి, వెలుగు ఉండగానే పనులన్నీ ముగించాలి. ఈ రెండూ పాటించేవారు పాత టెంటులోనైనా హాయిగా నిద్రపోతారు. పాటించనివారికి ఎంత ఖరీదైన సామానూ అక్కరకు రాదు. కింద చెప్పబోయే ప్రతి పనికీ వెనక ఉన్న లెక్క ఇదే.

తిరిగొచ్చే రోజు నుంచి లెక్క వేయండి

వెళ్లే రోజు గాలి బలంగా ఉంటే ప్రయాణం మానుకోవడం తేలిక. తిరిగొచ్చే రోజు అలా ఉంటే? మర్నాడు ఉద్యోగానికి వెళ్లాలి, తిండి అడుగంటింది, ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తుంటారు. సరిగ్గా ఇలాంటి తొందరలోనే మనుషులు నురగలు కక్కుతున్న నీటిలోకి పడవను తోస్తారు. అందుకే ప్రయాణంలో ఒక ఖాళీ రోజును ముందే పెట్టుకోండి. మూడు రోజులకు వెళ్తుంటే నాలుగు రోజుల తిండి తీసుకెళ్లండి. ఇంట్లో చెప్పేటప్పుడు కూడా "ఆదివారం సాయంత్రానికి వస్తాం, గాలి ఆపితే సోమవారం" అనే చెప్పండి.

ఒకసారి మేం ముగ్గురం ఒక రాతి మొన మీద ఇలాగే రెండు రాత్రులు అదనంగా ఉండిపోయాం. ఆవలి ఒడ్డు కళ్లెదురుగా కనబడుతూనే ఉంది. కిలోమీటరున్నర దూరం కూడా ఉండదు. మధ్యలో నీళ్లు మాత్రం ఎసరు తెర్లినట్టు తెల్లగా పొంగుతున్నాయి. ఒక రోజుకు సరిపడే తిండిని సంచి అడుగున విడిగా కట్టి ఉంచుకున్నాం కాబట్టి, దాన్నే రెండు రోజులకు సర్దుకున్నాం. "పోదాం పదండి" అని ఎవరూ తొందరపెట్టలేదు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు నాకు మెలకువ వచ్చింది. లేపింది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం. గాలి పడిపోయింది. అరగంటలో టెంటు విప్పి పడవెక్కాం. ఎండ ఎక్కకముందే ఆవలి ఒడ్డున దిగాం.

బయలుదేరే ముందు ఒక కాగితం రాసి, ఊళ్లో ఉండే నమ్మకమైన మనిషి చేతికి ఇవ్వండి. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ రేవు నుంచి లేదా ఏ బాట మొదలు నుంచి బయలుదేరుతున్నారు, ఏ రాత్రి ఎక్కడ ఉంటారు, పడవ రంగేమిటి, టెంటు రంగేమిటి, వాహనం ఎక్కడ నిలుపుతారు అన్నవి అందులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి వాక్యం: ఫలానా రోజు ఫలానా గంటకు మా నుంచి కబురు రాకపోతే ఫలానా నంబరుకు ఫోను చేయండి. గంట ఖాయంగా రాసి ఉంటేనే అవతలి మనిషి "ఇంకాసేపు చూద్దాం" అనుకోకుండా కదులుతాడు.

దూరాన్ని కిలోమీటర్లలో చూడకండి, గంటల్లో చూడండి. సామానుతో నిండిన తెడ్ల పడవ నిలకడైన నీటిలో గంటకు 4 కిలోమీటర్లు పోతుందనుకోండి. ఎదురుగాలిలో అందులో సగం కూడా పోకపోవచ్చు. కాలినడకకైతే స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. అది తేలికైన సంచితో చురుగ్గా నడిచేవారి లెక్క. వీపున 15 కిలోలు ఉంటే వచ్చిన సమయానికి నేను మరో సగం కలుపుతాను. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవను భుజాన మోసుకెళ్లాల్సిన దారుల విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. రెండు విడతల్లో మోస్తే కిలోమీటరు దారి కాస్తా మూడు కిలోమీటర్లు అవుతుంది: సంచులతో ఒకసారి, ఖాళీ చేతులతో వెనక్కి, పడవతో మళ్లీ ఒకసారి. ఉత్తర అమెరికాలోని కొన్ని సరస్సుల ప్రాంతాల్లో ఈ మోత దారుల పొడవును "రాడ్" అనే పాత కొలతలో రాస్తారు. ఒక రాడ్ అంటే సుమారు 5 మీటర్లు, దాదాపు ఒక పడవ పొడవు. మ్యాపులో 200 అని కనిపిస్తే కిలోమీటరని గుర్తుంచుకోండి.

అనుమతుల సంగతి వెళ్లే చోటును బట్టి ఉంటుంది. రాత్రి ఉండటానికి అనుమతి కావాలా, నిప్పు రాజేయవచ్చా, ఎంతమంది వెళ్లవచ్చు అన్న మూడూ ముందే కనుక్కోండి. అమెరికాలోని మిన్నెసోటాలో వెయ్యికి పైగా సరస్సులున్న బౌండరీ వాటర్స్ అడవిలో ఒక బృందానికి 9 మంది, 4 పడవలు మించకూడదు. పారేసే డబ్బాల్లో, గాజు సీసాల్లో తిండి తీసుకెళ్లకూడదు. ఇలాంటి నియమాలు చాదస్తంగా అనిపించవచ్చు. నీటి అడుగున మెరిసే పగిలిన గాజు పెంకు మీద ఒక్కసారి కాలు పడితే అవి ఎందుకున్నాయో తెలుస్తుంది.

సిగ్నల్ లేని చోటికి వెళ్తున్నారు కాబట్టి, వీలైతే ఉపగ్రహ బీకన్, అంటే ఆపదలో మీట నొక్కితే సంకేతం పంపే పరికరం, ఒకటి వెంట ఉంచుకోండి. 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే చిన్న బీకన్‌లు కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ గాలింపు వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా గాలింపు బృందాలకు కబురు పంపుతాయి. కొన్నా, అద్దెకు తెచ్చుకున్నా, అది ఎవరి పేరున నమోదై ఉందో చూసుకోండి. నమోదు వివరాలు సరిగ్గా ఉంటే వాళ్లు ముందు మీ ఇంటికి ఫోను చేసి విషయం తెలుసుకోగలుగుతారు.

సంచి సర్దడం

పొడవైన జాబితా ఇవ్వను. సూత్రం ఒకటే: ఒక జత బట్టలు, స్లీపింగ్ బ్యాగ్, నిప్పు పుట్టించే సామగ్రి ఏం జరిగినా తడవకూడదు. సంచి లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో ఇవి పెట్టి, గాలి బయటకు నొక్కేసి, మూతిని మెలితిప్పి, మడిచి కట్టండి. ఆ పొడి జతను పగలు ఎట్టి పరిస్థితుల్లోనూ తొడగవద్దు. పొద్దున్నే చల్లటి తడి బట్టలు వేసుకోవడం ఎవరికైనా కష్టమే. అయినా అవే వేసుకోండి. పొడి జత రాత్రి కోసం. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్ని గానీ, త్వరగా ఆరే సింథటిక్ గానీ మేలు.

ఈల, లైటర్, చిన్న కత్తి సంచిలో కాకుండా మీ ఒంటి మీద ఉండాలి. పడవ బోల్తా పడి సామానంతా కొట్టుకుపోయినా, బాట తప్పి సంచి దగ్గరకు తిరిగి రాలేకపోయినా, జేబులో ఉన్నదే మీకు మిగిలేది. ఈల మూడుసార్లు ఊదడం ఆపదలో ఉన్నామనడానికి గుర్తుగా చాలా దేశాల్లో తెలుసు. మ్యాపు కాగితం మీద ఉండాలి, దిక్సూచి తోడుగా ఉండాలి. ఫోను బ్యాటరీ చలికి చూస్తుండగానే పడిపోతుంది.

నేల చలిని చిన్నచూపు చూడకండి. మందపాటి స్లీపింగ్ బ్యాగ్ కొని పలచటి చాప మీద పడుకునేవాళ్లు తెల్లవార్లూ వణుకుతారు. మన బరువుకు బ్యాగ్ కింది వైపు దూది అణిగిపోతుంది కాబట్టి కింది చలిని ఆపేది చాపే. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే పడుకునే చాప మీద పెట్టండి.

పడవలో వెళ్లేటప్పుడు

బరువైన సంచులు పడవ అడుగున, మధ్యలో ఉండాలి. సంచులు పడవ అంచు దాటి పైకి లేస్తే గాలికి తెరచాపలా పట్టుకుంటాయి. సామాను ఎక్కించాక పడవను ఒడ్డు పక్కనే కాస్త ఊపి చూడండి. ఒక పక్కకు వాలుతుంటే అక్కడే సర్దండి, నడి నీటిలో సర్దలేరు.

లైఫ్ జాకెట్ వేసుకుని, పట్టీలు బిగించి ఉండాలి. కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలదు. కారణం చెబుతాను. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చల్లటి నీటి ప్రభావంపై పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని తేలిగ్గా గుర్తుండేలా చెప్పారు. బాగా చల్లటి నీటిలో పడగానే మొదటి 1 నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగపోతలు వస్తాయి, ఆ సమయంలో తల నీటిలో మునిగితే నీరు లోపలికి పోతుంది. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులు కాళ్లు పనికొస్తాయి, ఆపైన వేళ్లు బిగుసుకుపోతాయి. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే మనిషి చలికి చనిపోయేలోపే మునిగి చనిపోయే ప్రమాదం ఎక్కువ. మొదటి నిమిషంలో లైఫ్ జాకెట్ తొడుక్కోవడం ఎవరి వల్లా కాదు. ఎండ కాస్తున్నా, కొండల మీది సరస్సుల్లో నీళ్లు వేసవిలో కూడా ఇంత చల్లగా ఉండవచ్చు. చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

నీళ్లు దాటడానికి పొద్దుటి పూటే మంచిది. చాలా సరస్సుల మీద తెల్లవారుజామున గాలి పడి ఉంటుంది, నేల వేడెక్కే కొద్దీ లేస్తుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. తెడ్ల పడవలకు నా హద్దు ఇది: అక్కడక్కడ అలల తలలు తెల్లబడటం కనిపిస్తే నడి నీటిలోకి పోను. గాలి గంటకు 15 కిలోమీటర్ల ప్రాంతానికి చేరేసరికి ఆ తెల్లదనం మొదలవుతుంది. మీరు నిలబడ్డ ఒడ్డు గాలి చాటున ఉంటే నీళ్లు నున్నగా కనిపిస్తాయి, ఆ మాయలో పడకండి. గాలి నీటి మీద ఎంత దూరం పరిగెత్తితే అలలు అంత పెద్దవవుతాయి. పొడవైన సరస్సులో ఆవలి కొసకు వెళ్లేసరికి అవి ఎదురుపడతాయి. దూరమైనా ఒడ్డు వెంటే పోవడం, మొన నుంచి మొనకు గెంతినట్టు సాగడం కొత్తవారికి క్షేమం.

పడవ తిరగబడితే దాన్ని వదలవద్దు. ఒడ్డు దగ్గరలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, అయినా ఈదుకుంటూ పోవాలన్న కోరికను ఆపుకోండి. ముందు ఊపిరి కుదుటపడనివ్వండి, తర్వాత పడవను పట్టుకుని ఒంటిని వీలైనంత నీటి పైకి లాక్కోండి. పడవ దూరం నుంచి కూడా కనిపిస్తుంది, నీటిపై తేలే తల కనిపించదు.

నడిచి వెళ్లేవారికి చెప్పేది తక్కువే. వాగు దాటేటప్పుడు సంచి నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, జారిపడితే సంచి మిమ్మల్ని కిందికి లాగకుండా వదిలించుకోవచ్చు. వాన తర్వాత నీళ్లు మట్టి రంగులో ఉరుకుతుంటే ఆగండి, కొన్ని గంటల్లో తగ్గవచ్చు. మోకాలి పైకి వచ్చి వేగంగా పారే నీటిలోకి దిగవద్దు.

చోటు ఎంచుకోవడం

మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆ రోజు ప్రయాణం ఆపేయాలని పెట్టుకోండి. ఇంకా వెలుగుంది కదా, మరో మలుపు చూద్దాం అనిపిస్తుంది. ఆ మలుపు తర్వాత చోటు దొరక్కపోతే చీకట్లో టెంటు వేయాలి, చీకట్లో కట్టెలు వెతకాలి, తెలియని ఒడ్డున నీళ్లు పట్టాలి. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం సూర్యాస్తమయం తర్వాతి గంటలో తగిలినవే.

పడవ దిగగానే ముందు పైకి చూడండి. ఎండిపోయి నిలబడ్డ చెట్టు, విరిగి కొమ్మల మధ్య చిక్కుకున్న కొమ్మ, ఒక పక్కకు బాగా వాలిన మాను ఉంటే, అవి ఎటు పడగలవో అంత మేర వదిలి టెంటు వేయండి. 1999 జులై 4న బౌండరీ వాటర్స్ మీదుగా సాగిన పెనుగాలి లక్షల ఎకరాల్లో చెట్లను పడగొట్టింది. అవి పచ్చని చెట్లు. ఎండిన చెట్టు కూలడానికి అంత గాలి అక్కర్లేదు.

తర్వాత కిందికి చూడండి. ఇంతకు ముందు ఎవరో టెంటు వేసి గట్టిపడిన నేల ఉంటే అదే వాడండి, కొత్త గడ్డిని తొక్కవద్దు. అలాంటిది లేకపోతే రాతి మీద గానీ, ఇసుక మీద గానీ, ఎండుటాకుల మీద గానీ వేయండి. నీటి అంచు నుంచి కనీసం 60 మీటర్లు, అంటే దాదాపు ఎనభై అంగలు దూరంగా ఉండాలి. ఒడ్డున నీళ్లు తాగడానికి వచ్చే జంతువుల దారి అదే, ఒడ్డు మొక్కలు సున్నితమైనవి కూడా. ప్రాంతం వాళ్లు గుర్తుపెట్టిన టెంటు స్థలాలు ఉంటే వాటినే వాడండి. అవి నీటికి ఇంకా దగ్గరగా ఉన్నా సరే.

పల్లపు చోట రెండు ఇబ్బందులు ఉంటాయి. వానకు నీళ్లు చేరతాయి. రాత్రి చలిగాలి బరువెక్కి కిందికి జారి అక్కడే నిలుస్తుంది. కొన్ని అడుగులు మెరకకు వెళ్తే తెల్లవారుజామున తేడా ఒంటికి తెలుస్తుంది, టెంటు లోపల చెమ్మ కూడా తగ్గుతుంది. దోమలు ఎక్కువుండే కాలంలో కాస్త గాలి ఆడే మొన మంచిది. వాన మబ్బు కమ్మిన రోజైతే మొన వద్దు, చెట్ల చాటు కావాలి. టెంటు కట్టే ముందు ఉత్త చాప పరిచి దాని మీద మీరే ఒకసారి పడుకుని చూడండి. కంటికి చదునుగా కనిపించిన నేల వాలు ఎటుందో వీపు చెబుతుంది. తలను వాలుకు పైవైపు పెట్టండి. కింద ఉన్న వేరు, రాయి అప్పుడే దొరుకుతాయి.

పడవను నీటి అంచున వదలవద్దు. పూర్తిగా పైకి లాగి, తిరగేసి, తాడుతో చెట్టుకు కట్టండి. తెడ్లను దాని కింద పెట్టండి. నీటిమట్టం పెరిగినా, రాత్రి గాలి తిరిగినా పొద్దున పడవ అక్కడే ఉండాలి. పడవ పోయిందంటే దారి పోయినట్టే.

తాగే నీరు

ఎంత తేటగా ఉన్నా సరస్సు నీటిని నేరుగా తాగవద్దు. గియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవులు జంతువుల, మనుషుల మలం ద్వారా నీటిలో చేరతాయి. కడుపు పట్టు తప్పిందంటే ఇంటికి ఒక రోజు దూరంలో ఉన్నవాడికి అది చిన్న జబ్బు కాదు.

అన్నిటికంటే నమ్మదగినది మరిగించడం. బుడగలు బలంగా లేచి తెర్లుతుండగా 1 నిమిషం ఉంచితే చాలు. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉంటే నీరు తక్కువ వేడికే మరుగుతుంది, అందుకే 3 నిమిషాలు ఉంచాలి. ఫిల్టర్ వాడేటట్లయితే 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద కణాలేవీ దూరనివ్వనిది తీసుకోండి. ఈ రెండు జీవులను అది ఆపుతుంది. ఇంకా సన్నని రంధ్రాల గొట్టాలున్న ఫిల్టర్‌లు బ్యాక్టీరియాను కూడా ఆపుతాయి. వైరస్‌లను చాలా వరకు ఆపలేవు. లోపల తడి ఉన్న ఫిల్టర్ ఒక్కసారి గడ్డకడితే సన్నని గొట్టాలు చిట్లిపోతాయి, బయటికి ఏమీ కనిపించదు. చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో మీతోనే పెట్టుకోండి. క్లోరిన్ డయాక్సైడ్ బిళ్లలు తేలిక. అయితే క్రిప్టోస్పోరిడియం చావడానికి 4 గంటలు పడుతుంది, కాబట్టి వాటిని రాత్రి వేసి పొద్దున తాగేలా పెట్టుకోండి. అయోడిన్ ఆ జీవిని చంపలేదు.

బిళ్ల వేసినప్పుడు ఒక చిన్న పని మరచిపోతారు. సీసా మూత కొద్దిగా వదులు చేసి, సీసాను వంచి, మందు కలిసిన నీటిని మూత బిగించే మెలికల మధ్య నుంచి కాస్త కారనివ్వండి. తర్వాత బిగించండి. ఆ మెలికల్లో నిలిచిన ముడి నీటి చుక్కే పెదవులకు తగిలేది. ముడి నీళ్ల సీసాకు ఒక రంగు దారం కట్టి ఉంచుకుంటే చీకట్లో కూడా పొరపాటు జరగదు.

నీటి మీద ఒలికిన ఆకుపచ్చ రంగులా, పులుసు చిక్కబడ్డట్టు పాచి తేలుతుంటే ఆ నీటిని ఏ పద్ధతిలోనూ వాడవద్దు. అది సయనోబ్యాక్టీరియా కావచ్చు. దాని విషం మరిగించినా పోదు, మామూలు ఫిల్టర్‌లతోనూ పోదు. అక్కడ స్నానం చేయకండి, వెంట కుక్క ఉంటే దాన్ని దిగనివ్వకండి. పాచి లేని వేరే చోటికి వెళ్లి నీళ్లు పట్టండి.

పొయ్యి, నెగడు, గిన్నెలు

వంటకు చిన్న గ్యాస్ పొయ్యి తీసుకెళ్లండి. వాన పడ్డా అది పనిచేస్తుంది, నిప్పు నిషేధం ఉన్నా చాలా చోట్ల దాన్ని వాడనిస్తారు. నెగడు మనసుకు, చలికి. నెగడు మీదే వంట ఆధారపడితే ఆకలితో ఉన్న తడి సాయంత్రం తప్పులు చేస్తారు.

నిప్పుకు అనుమతి ఉంటే, ఇదివరకే ఉన్న రాళ్ల వలయంలోనే వేయండి. పచ్చని చెట్టును ముట్టుకోవద్దు. రాలి పడిన కొమ్మల్లో మణికట్టు కంటే లావు లేనివి, చేత్తో విరిచేవి చాలు. కట్టెలను బయటి నుంచి తీసుకెళ్లకండి. కట్టెల్లో దాగిన పురుగులు ఇలాగే కొత్త అడవులకు చేరతాయి. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు అమెరికాలో కోట్ల యాష్ చెట్లను చంపింది, మనుషులు మోసుకెళ్లిన కట్టెలు దాని వ్యాప్తికి ఒక ముఖ్య కారణం.

వాన వెలిసిన సాయంత్రం నిప్పు ఇలా రాజేయండి. నేల మీద పడున్న పుల్లలు నీరు పీల్చి ఉంటాయి. అవి వద్దు. విరిగి పడుతూ వేరే కొమ్మకు ఆని నేలకు తగలకుండా ఆగిన ఎండు కొమ్మ ఒకటి వెతకండి. విరిస్తే "టక్" మనాలి. వంగితే వదిలేయండి. బొటనవేలంత లావున్న ముక్కను నిలబెట్టి, కొస మీద కత్తి పెట్టి, మరో కట్టెతో పైనుంచి కొట్టి నిలువునా చీల్చండి. బయట నల్లగా తడిసిన ముక్క లోపల పాలిపోయి పొడిగా ఉంటుంది. ఆ పొడి భాగాన్ని కత్తితో సన్నగా, ముక్క నుంచి ఊడిపోకుండా వంకులు తిరిగేలా గీరండి. అలాంటివి నాలుగైదు పుల్లలు తయారుచేసి, కింద రెండు లావాటి ముక్కలు తడి నేలకు అడ్డంగా పరిచి, వాటి మీద ఇవి గాలి ఆడేలా ఆనించి, కింది నుంచి అంటించండి. ఈ తయారీకి అరగంట పడుతుంది. అగ్గిపుల్ల ఒక్కటే ఖర్చవుతుంది.

ఆర్పేటప్పుడు కూడా అంతే ఓపిక కావాలి. నీళ్లు పోయండి, పుల్లతో కలపండి, రాళ్ల అంచుల కింద కూడా కెలకండి, మళ్లీ నీళ్లు పోయండి. సుయ్యిమనే శబ్దం ఆగినంత మాత్రాన ఆరినట్టు కాదు. చేతి వెనక భాగాన్ని ముందు బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగలకపోతే బూడిదలో వేళ్లు పెట్టండి. చెయ్యి అక్కడ హాయిగా ఉండగలిగితేనే లేచి రండి. మట్టి కప్పితే నిప్పు కింద చాలాసేపు బతికే ఉంటుంది.

గిన్నెలను సరస్సులో కడగవద్దు. "మట్టిలో కలిసిపోతుంది" అని రాసి ఉన్న సబ్బు కూడా నీటిలో వేసేది కాదు. నీళ్లు పట్టుకొచ్చి ఒడ్డుకు 60 మీటర్ల దూరంలో కడిగి, మెతుకులను జల్లెడ పట్టి చెత్త సంచిలో వేసి, మిగతా నీటిని నేల మీద విశాలంగా చల్లండి. ఒంటికి సబ్బు రాసుకున్నా ఇదే పద్ధతి.

తిండిని దాచడం

పగటి వెలుగులోనే కొమ్మ వెతికి, తాడు వేసి ఉంచండి. తిండి, చెత్త, టూత్‌పేస్ట్, సబ్బు, వాసన వచ్చే క్రీములు అన్నీ ఒకే సంచిలో పెట్టి, నేలకు 4 మీటర్ల ఎత్తున, మానుకు 2 మీటర్ల దూరంగా వేలాడదీయండి. వంట చోటు, ఈ సంచి, టెంటు మూడూ దూర దూరంగా ఉండాలి. ఎలుగుబంట్లు తిరిగే చోట చాలా ప్రాంతాల్లో తిండి దాచడానికి అవి తెరవలేని గట్టి డబ్బా తప్పనిసరి. అది ఉంటే కొమ్మ వెతికే పని తప్పుతుంది. ఎలుగుబంట్లు లేని చోట కూడా ఎలుకలు, ఉడుతలు ఒక్క రాత్రిలో సంచి కొరికేస్తాయి. టెంటులో ఒక్క బిస్కెట్ ముక్క కూడా ఉండకూడదు. మనుషుల తిండి రుచి మరిగిన జంతువు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్నే చంపాల్సి వస్తుంది. ఆ చావుకు కారణం ఎవరో తిండిని నిర్లక్ష్యంగా వదిలేయడమే.

కాలకృత్యాలు

సిగ్గుపడి ఎవరూ చెప్పరు కానీ, ఒడ్డులను పాడుచేసేది ఎక్కువగా ఇదే. నీటికి, బాటకు, టెంటుకు 60 మీటర్లకు పైగా దూరంగా వెళ్లి, చిన్న పారతో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వండి. నల్లటి పైమట్టిలోనే మలం త్వరగా కుళ్లుతుంది, మరీ లోతు తవ్వితే ప్రయోజనం ఉండదు. పని అయ్యాక ఆ మట్టితోనే పూడ్చి ఆకులు కప్పండి. కాగితాన్ని పూడ్చకుండా సంచిలో వేసి తిరిగి తెచ్చుకోవడం ఉత్తమం, జంతువులు దాన్ని తవ్వి తీస్తాయి. చీకటి పడకముందే చోటు చూసి గుంట తవ్వి ఉంచుకుంటే రాత్రి దీపం పట్టుకుని తడుముకోనక్కర్లేదు. రాతి నేల, మట్టి లేని దీవుల్లో అన్నీ సంచిలో మూటగట్టి తేవాల్సిందే. తర్వాత చేతులు సబ్బుతో కడగండి. గుంపులో కడుపు జబ్బు వచ్చిందంటే చాలాసార్లు తప్పు నీటిది కాదు, చేతులది.

ఉరుములు, చలి

మెరుపు కనబడ్డాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపు వినిపిస్తే పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపలే ఉంది. నీటి మీద ఉంటే వెంటనే ఒడ్డెక్కండి. మొన మీద, ఒంటరి చెట్టు కింద, అన్నిటికంటే ఎత్తైన చెట్టు పక్కన ఉండవద్దు. ఒకే ఎత్తులో ఉన్న చిన్న చెట్ల గుంపులో, పల్లపు చోట ఉండండి, మనుషులు దూర దూరంగా ఉండండి. టెంటు పిడుగును ఆపదు. చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు ఆగండి. వాన తగ్గింది కదా అని ముందే పడవెక్కకండి.

తడిసిన మనిషి వణకడం మొదలుపెడితే వెంటనే చూసుకోండి. మాట ముద్దగా వస్తున్నా, లైటర్ వెలిగించలేక వేళ్లు తడబడుతున్నా, "నాకేం కాలేదు" అని చిరాకుపడుతున్నా ఆ మాట నమ్మవద్దు. గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు విప్పించి, మీరు దాచిన పొడి జత తొడిగి, చాప మీద స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వేడి పానీయం తాగించండి. ఆ తర్వాత వణుకు తగ్గి మనిషి తేరుకుంటే మంచిదే. వేడెక్కకుండానే వణుకు ఆగిపోయి మత్తుగా అయిపోతే అది ప్రమాదం. బీకన్ నొక్కే సమయం అదే.

బయలుదేరే రోజు

రాత్రే సంచులు సగం సర్దుకుని పడుకోండి. తెల్లవారుజామున గాలి పడి ఉన్న రెండు మూడు గంటలు మీకు చాలా విలువైనవి. ఆ వేళలో టీ కాచుకుంటూ కూర్చోవద్దు, ఆవలి ఒడ్డుకు చేరాక కాచుకోవచ్చు.

టెంటు తీశాక నలుగురూ వరసగా నిలబడి ఆ చోటంతా ఒకసారి నెమ్మదిగా నడవండి, కళ్లు నేల మీద ఉంచి. తాడు ముక్క, మూత, చాక్లెట్ కాగితం మూల, ఏదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. మీకు ముందు వచ్చినవాళ్లు వదిలింది దొరికినా తీసుకోండి.

రేవు చేరగానే పడవ అడుగున, తాడులో, చెప్పుల్లో అంటుకున్న నాచును, మట్టిని తీసేయండి. పడవలోని నీటిని పూర్తిగా ఒంపేయండి. ఇంకో సరస్సులో దించే ముందు బాగా ఎండబెట్టండి. బయటి నుంచి వచ్చి సరస్సులను పాడుచేసే జీబ్రా మసెల్స్ అనే చిన్న చారల ఆల్చిప్పలు 1988లో ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్ ప్రాంతంలో బయటపడ్డాయి. అవి అక్కడికి ఓడల్లోని నీటితో వచ్చాయి. లోతట్టు సరస్సులకు వాటిని మోసుకెళ్లింది ఎక్కువగా చిన్న పడవలే. వాటి పిల్లలు కంటికి కనిపించవు, పడవ అడుగున మిగిలిన కాస్త నీటిలో ఇమిడిపోతాయి.

సిగ్నల్ అందగానే, ఇంకా ఒంటి మీది తడి బట్టలు మార్చకముందే, ఆ కాగితం ఇచ్చి వచ్చిన మనిషికి ఫోను చేయండి. ఆయన గడియారం చూసుకుంటూ కూర్చుని ఉంటాడు. మీరు మరచిపోతే, మీరు ఇంట్లో నిద్రపోతున్న వేళ ఎవరో మీ కోసం చీకట్లో సరస్సు మీదికి పడవ దించుతారు.